చక్రము కట్టుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో సైకిలు చక్రమును గూర్చి ప్రసంగమేమని కొందరికి వింతగా తోచవచ్చును. జగిత్యాల, కోరుట్లలకు రైలు ఈ శతాబ్దములోగాని రాలేదు. అంతకుముందు ఎన్నో దశాబ్దములు ఈ ప్రాంతమున సామాన్యుని బండి సైకిలే. సిరిసిల్ల నూలు మూటలు, జగిత్యాల మామిడి బుట్టలు, కోరుట్ల బీడీల గంపలు, పాల డబ్బాలు, కల్లు కుండలు రెండు చక్రముల మీద ఊరూర తిరిగినవి. పుస్తకము చంకన పెట్టుకొని పొరుగు పల్లెనుండి గ్రంథాలయమునకు వచ్చిన పాఠకుడును ఆ చక్రముల మీదనే వచ్చెను. పిదప మోటారు బండ్లు పెరిగినవి. గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చెడి దుకాణములు పెక్కు మూతపడినవి. వానితోపాటు ఒక విద్యయు మరుగుపడుచున్నది. విడి హబ్బును, విడి రిమ్మును, గుప్పెడు పుల్లలను చేత పుచ్చుకొని చక్రముగా కట్టుటయే ఆ విద్య. చేతినుండి చేతికి వచ్చినదేగాని అది తెలుగు పుస్తకములకెక్కినది బహు తక్కువ. ఇపుడు సరదాకొరకు సైకిలు త్రొక్కెడి యువకులు కొందరు ఆ పనిని తామే నేర్వగోరుచున్నారు. ఈ ప్రసంగము వారికొరకు.

మొదట ఒక ప్రశ్న. సైకిలెక్కిన మనిషి బరువును మోయునవి ఏ పుల్లలు? హబ్బు పై పుల్లలకు వ్రేలాడుచున్నదని కొందరందురు. క్రింది పుల్లలపై నిలిచియున్నదని కొందరందురు. పుల్ల సన్నని తీగ. రెండు చేతులతో పట్టి వంచిన వంగును. అట్టి తీగ బరువునెట్లు మోయును? రహస్యమంతయు బిగువులో నున్నది. చక్రము కట్టునపుడే ప్రతి పుల్లను ముందుగా లాగి బిగింతురు. మంచి చక్రమున ఒక్కొక్క పుల్లపై సుమారు 100 కిలోల లాగుడు ఉండవచ్చును. మనిషి ఎక్కగానే నేలకు తాకుచున్న చోటి పుల్లలలో ఆ బిగువు కొంత తగ్గును. తక్కిన పుల్లలలో మార్పు స్వల్పము. ఆ తగ్గుదలయే బరువు మోయుట. అమెరికావాడైన జోబ్స్ట్ బ్రాంట్ 1981లో సైకిలు చక్రమును గూర్చి ప్రకటించిన గ్రంథమున ఈ సంగతినే లెక్కలతో చూపెను.

సిరిసిల్ల వారికి బిగువును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. పడుగు పోగు లాగునేగాని నెట్టలేదు, పుల్లయు అంతే. పడుగులో కొన్ని పోగులు బిగువుగను, కొన్ని వదులుగను ఉన్నచో మగ్గమైనను, అక్కడివారు సాంచ అని పిలుచు మరమగ్గమైనను గుడ్డను చెడగొట్టును. పోగులన్నియు సమానముగ లాగుచున్నవా లేదా అని అరచేతితో తడిమి చెప్పగల నేతగానికి చక్రము కట్టుట సగము వచ్చినట్లే. నేత ఇండ్లలో కండెలు చుట్టు రాట్నమునకు పాత సైకిలు చక్రము నమర్చుకొనుట ఎల్లరు చూచినదే. మగ్గమునకును చక్రమునకును చుట్టరికము ఈనాటిది కాదు.

తీగ బిగువుతో చక్రము చేయవచ్చునన్న ఊహ 1808లో ఇంగ్లండు దేశస్థుడైన జార్జి కేలీకి వచ్చెను. 1869లో పారిసు నగరమున యూజీన్ మేయరు తీగపుల్లల చక్రమునకు పేటెంటు పొందెను. నడిబొడ్డునుండి తిన్నగా రిమ్మునకు పోవు పుల్లలు బరువును మోయగలవు గాని, పెడలు త్రొక్కినపుడు హబ్బు మెలిపెట్టు బలమును రిమ్మునకు అందింపజాలవు. పుల్లలను ఏటవాలుగా, ఒకదానినొకటి దాటునట్లు అమర్చిన పద్ధతికి 1874లో జేమ్సు స్టార్లీ పేటెంటు తీసెను. 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంటు పొందెను. నేడు బజారులో కనబడు చక్రమున అంతకుమించిన మౌలికమైన మార్పు లేదనవచ్చును.

ఇక పుల్లలు తెగుట. జగిత్యాలనుండి కోరుట్లకు 20 కిలోమీటర్లకు తక్కువ కాదు. పెద్ద సైకిలు చక్రము ఒకసారి తిరిగిన సుమారు 2 మీటర్ల 25 సెంటీమీటర్లు పోవును. అనగా ఆ ఒక్క ప్రయాణమున చక్రము దాదాపు 9 వేల మారులు తిరుగును. ప్రతి పుల్లయు 9 వేల మారులు సడలి మరల బిగియును. పుల్ల తెగినపుడు గట్టిగా బిగించుటచే తెగినదని తలచుట లోకసహజము. తరచు నిజము దీనికి తలక్రిందులుగా నుండును. వదులుగనున్న పుల్ల ప్రతి చుట్టునను పూర్తిగ సడలి, మరల కుదుపుతో బిగిసి, హబ్బు దగ్గర వంపు తిరిగిన మెడవద్ద అలసి తెగును. అది మోయవలసిన పాలు ప్రక్క పుల్లలపై పడును. మూడు నాలుగు తెగువరకు ఉపేక్షించినచో, వెనుక పాల డబ్బాలతో చీకటిలో గుంతదాటునపుడు రిమ్ము అప్పడమువలె మెలిపడును. అపుడు పోవునది పాలు మాత్రమే యైన ఆ మనిషి అదృష్టవంతుడు.

భాగములను కొనుటలో ఉత్సాహవంతులు చేయు తప్పులు విచిత్రములు. మెరుగు పెట్టిన హ్యాండిలుకును, రంగు పెడళ్లకును సొమ్ము ధారపోసి, రిమ్మునకును పుల్లలకును బేరమాడుదురు. కొనవలసిన క్రమము దీనికి సరిగా ఎదురు. మొదట రిమ్ము, పుల్లలు, పిదప బ్రేకు రబ్బర్లు, టైర్లు, చివరకు తక్కినవి. మెరుగు పూసిన ఉక్కు రిమ్ము గట్టిదే గాని, వానలో తడిసినపుడు బ్రేకు దానిపై జారును. అల్యూమినియపు రిమ్ము తేలిక. తడిలో బ్రేకు పట్టును మెరుగు. అయితే కడ్డీ బ్రేకులున్న పాత సైకిలుకు ప్రక్కలు చదునైన అల్యూమినియపు రిమ్మును కొనితెచ్చిన లాభములేదు. కడ్డీ బ్రేకు రబ్బరు రిమ్ము లోపలి అంచును పట్టును. క్రొత్త రకపు బ్రేకు ప్రక్కలను పట్టును. రిమ్మును మార్చదలచినవాడు బ్రేకునుగూడ మార్చవలసియుండును.

అంతకన్న పెద్ద మోసము కొలతలలో నున్నది. ఇందు దుకాణదారుని తప్పు లేదు, కొలతల పేర్లదే. 28 అంగుళములు అని చెప్పెడి చక్రములు ఒక్క రకము కావు. ఊళ్లలోని పెద్ద సైకిలు టైరు కూర్చుండు చోట రిమ్ము వ్యాసము 635 మిల్లీమీటర్లు. క్రొత్త రకపు గేర్ల సైకిలుకు అది 622. పదమూడే మిల్లీమీటర్ల భేదము. కాని ఒకదాని టైరు రెండవదానికి ఎక్కదు, ఎక్కినను నిలువదు. 26 అంగుళముల పేరిట 559, 584, 590, 597 మొదలగు కొలతలు గలవు. కనుక అంగుళముల మాట విడిచి, టైరు ప్రక్కన అచ్చువేసిన మిల్లీమీటర్ల అంకెను చదివి కొనవలెను. అట్లే గేర్ల హబ్బు 130 లేక 135 మిల్లీమీటర్ల వెడల్పుండును. పాత సైకిలు వెనుక ఫోర్కు అంతకన్న ఇరుకు. స్కేలుతో కొలిచి చూడక కొన్న హబ్బు పెట్టెలో మిగులును.

చైను చక్రపు పండ్ల సంగతియు నిట్టిదే. ముందు 48, వెనుక 18 పండ్లున్న సైకిలు పెడలు ఒక్కసారి తిరిగిన దాదాపు 6 మీటర్లు సాగును. చదును రోడ్డుకు అది హాయి. ఎదురుగాలిలో మూటతో పోవువానికి మోకాళ్ల శిక్ష. ముందు 44, వెనుక 20 పెట్టినచో సాగునది 5 మీటర్లకు కొంచెము తక్కువ. కాలికి సుఖము ఎక్కువ. కొద్ది ఖర్చుతో సైకిలు స్వభావమే మారు మార్పు ఇది. పౌరుషమునకు పోయి దీనిని చేయని వారు పెక్కురు.

కట్టు పనికి వచ్చునప్పటికి ఓపిక వలెను. పాత పెద్ద సైకిలుకు సాధారణముగ ముందు చక్రమున 32, వెనుక 40 పుల్లలు. ముందు ఒక్కొక్క పుల్ల అదే వైపు పుల్లలలో మూడింటిని, వెనుక నాలుగింటిని దాటి పోవును. హబ్బునకు ఒక వైపు రంధ్రముల మధ్య కోణము ముందు 22½ డిగ్రీలు, వెనుక 18. మూడు దాటిన 67½, నాలుగు దాటిన 72. రెండింటను పుల్ల హబ్బు అంచును ఇంచుమించు ఒరసికొని పోవుననుట. మొదట ఒక వైపున రంధ్రము విడిచి రంధ్రములో పుల్లలు దూర్చి, గాలి ముక్కు రంధ్రము ప్రక్కనుండి ఆరంభించి రిమ్మున ప్రతి నాలుగవ రంధ్రమునకు ఒకటి చొప్పున నిప్పిళ్లు తగిలింపవలెను. రెండవ వైపును అట్లే చేసి, హబ్బును చేతితో త్రిప్పి, మిగిలిన పుల్లలను దాటించవలెను. ప్రతి పుల్లయు చిట్టచివర దాటు దానికి క్రిందుగా పోవలెను. గాలి ముక్కు దగ్గర పుల్లలు ఎడముగ నుండవలెను. లేనిచో పంపు తల పట్టదు. ఇది తప్పినవాడు అన్నియు విప్పి మరల మొదలిడును, తప్పనివారు అరుదు.

నిప్పిలు మరలకు ఒక చుక్క నూనె రాయవలెను. పిమ్మట అన్నింటిని సమానముగ, అర చుట్టు చొప్పున బిగించుకొనుచు రావలెను. హబ్బు వైపునుండి చూచువానికి నిప్పిలు త్రిప్పు దిక్కు ఎదురుగా కనబడును. కొత్తవారు తొట్రుపడునది ఇక్కడనే. బెండు తీయుటకు వేరు యంత్రము లేకున్నను సైకిలును తలక్రిందులుగ నిలిపి, ఫోర్కునకు సుద్దముక్క ఆనించి చక్రమును త్రిప్పిన చాలును. రిమ్ము కుడికి వంగినచోట ఎడమ పుల్లలు బిగించి కుడివి సడలించవలెను. ఎగుడుగ నున్నచోట రెండు వైపులవి కలిపి బిగించవలెను. చక్రమును తీసి అటునిటు మార్చి పెట్టినను ఫోర్కునకు సమదూరములో తిరిగినచో నడిమికి వచ్చినట్లు. వెనుక చక్రమున ఫ్రీవీలు వైపు పుల్లలు నిటారుగ నుండుటచే వానికి బిగువెక్కువ కావలెను. ఒకే వైపు పుల్లలను గోటితో మీటి చూచిన స్వరములు ఇంచుమించు ఒక్కటిగ పలుకవలెను. సంగీతము రానివారికిని అపస్వరము తెలియును.

తుదకు ప్రక్కప్రక్క పుల్లలను జంటలుగ చేతులతో గట్టిగ పిసుకవలెను. మెలిపడియున్న పుల్లలు కిటకిటమని సర్దుకొనును. బెండు మరల కొంత బయటపడును. దానిని తీసి, నిప్పిలు దాటి పైకి వచ్చిన పుల్ల మొనలు ట్యూబును గ్రుచ్చకుండ ఆకురాయితో అరగదీసి, రిమ్ము పట్టీ వేసి, టైరెక్కించవచ్చును. మొదటి 50 కిలోమీటర్లు మూటలు లేక త్రొక్కి, చక్రమును మరల సుద్దముక్క ముందు నిలిపి త్రిప్పి చూడవలెను.