చైను రంపముల ఇంజనులు: చూపునకు ఒకటి, లోపల వేరు
(జంగారెడ్డిగూడెము ప్రాంత రైతుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన జంగారెడ్డిగూడెము మెట్టలో చెట్టు కోత ఏడాది పొడవునా ఉండు పని. పొగాకు బేరన్లకు పుల్ల కావలెను. జామాయిలు, సుబాబులు తోటలు కోతకు వచ్చును. కోకో కొమ్మలు కత్తిరింపవలెను. గాలివానకు పడిన మామిడిని, జీడిమామిడిని తొలగింపవలెను. ఇద్దరు చెరొక వైపున పట్టి లాగు రంపముతో ఈ పనికి కూలీలు దొరకుట కష్టమైనందున చాలమంది చైను రంపము కొనుచున్నారు.

కొట్టులో రెండు రంపములు పక్కపక్కన పెట్టి చూపుదురు. రంగు ఒకటే, పిడి ఒకటే. ధరలో మాత్రము తేడా. ఎందుకని అడిగినచో "దీనికి పవరెక్కువండీ" అను జవాబు తప్ప మరొకటి రాదు. ఆ ఎక్కువ ఎక్కడనుండి వచ్చినదో తెలియక డబ్బు చెల్లించుట నాకు సమ్మతము కాదు.

స్టిల్ కంపెనీ జర్మనీ దేశపుది. 1926లో కరెంటు రంపముతో మొదలిడి, 1929లో పెట్రోలు రంపము చేసినది. ఆ కంపెనీ రంపములు రెంటిని తీసికొందము: ఎం.ఎస్. 170, ఎం.ఎస్. 180. మొదటిదాని సిలిండరు బోరు, అనగా లోపలి వెడల్పు, 37 మిల్లీమీటర్లు. రెండవదానిది 38. పిస్టను క్రిందికి పైకి నడచు దూరము, అనగా స్ట్రోకు, రెంటికిని 28 మిల్లీమీటర్లే. తేడా ఒక్క మిల్లీమీటరు! దానివలన 30.1 సి.సి. ఇంజను 31.8 సి.సి. అయినది.

ఈ లెక్క మీరే వేసికొనవచ్చును. బోరును సెంటీమీటర్లలో వ్రాసి, దానిని దానితోనే గుణించి, స్ట్రోకుతో గుణించి, మరల 0.785తో గుణించండి. 3.7ను 3.7తో, 2.8తో, 0.785తో గుణించినచో 30.1 వచ్చును. కొన్ని చవక రంపములపై అంటించిన సి.సి. అంకె ఈ లెక్కకు నిలువదు. బోరు, స్ట్రోకు ఎంతో చెప్పుమని దుకాణదారుని అడుగుటకు మొగమాటపడవలదు.

అదే కంపెనీ 210, 230, 250 రంపములు ఇంకను చిత్రము. మూడును ఒకే ఒడ్డు పొడవున్న అన్నదమ్ములవలె కనుపించును. 210కి బోరు 40, స్ట్రోకు 28. 230కి బోరు అదే 40, స్ట్రోకు 32. 250కి స్ట్రోకు అదే 32, బోరు 42.5. కాబట్టి విడి భాగములు కొనునపుడు "నలభై పిస్టను ఇవ్వండి" అన్న చాలదు. మోడలు అంకె చెప్పి, పాత భాగమును చేతబట్టుకొని వెళ్లవలెను.

సి.సి. ఒక్కటే బలమును నిర్ణయింపదు. స్వీడను దేశపు హస్క్‌వార్నా కంపెనీ 450 రంపము 50.2 సి.సి., బలము 2.4 కిలోవాట్లు. అదే కంపెనీ 550 ఎక్స్‌పి 50.1 సి.సి. మాత్రమే, కాని బలము 2.8 కిలోవాట్లు. రెండవది రోజంతయు అడవిలో పనిచేయువారికై చేసినది. దాని క్రాంకు పెట్టె మెగ్నీషియముతో పోతపోసినది, ఇంజను మరింత వేగముగ తిరుగును. ఏడాదికి పది రోజులు కోయువానికి ఆ ఖర్చు దండుగ. కూలికి కోత పని పట్టువానికి అది గిట్టుబాటగును.

ఇక పొగ సంగతి. పాత రకము రెండు స్ట్రోకుల ఇంజనులో కొంత పచ్చి పెట్రోలు కాలకుండనే పొగగొట్టము దారిని పోవును. కొత్త రకములలో పొగ వెలుపలికి పోవునపుడు నడుమ ఉత్తగాలి పొర నొకదానిని పంపి ఆ నష్టమును తగ్గించుచున్నారు. స్టిల్ వారు దీనిని టూ-మిక్స్ అనియు, హస్క్‌వార్నా వారు ఎక్స్‌టార్కు అనియు పిలుచుచున్నారు. ఎం.ఎస్. 170 అను పేరుతోనే పాత రకము, టూ-మిక్స్ రకము రెండును కలవు. పేరు ఒకటే, ఇంజను వేరు!

అన్నిటికంటె ముఖ్యమైనది కార్బురేటరు. 2025 నాటికి మన దేశములో పెట్రోలునందు 20 శాతము ఇథనాలు కలుపుట వచ్చినది. మనము పండించు మొక్కజొన్న కూడ ఆ ఇథనాలుకు పోవుచున్నది, అది వేరు సంగతి. స్క్రూతో సరిచేయు కార్బురేటరున్న ఇంజనులలో 10 శాతమునకు మించిన ఇథనాలు చెరుపు చేయవచ్చునని స్టిల్ వారి పుస్తకములు చెప్పుచున్నవి. ఎం-ట్రానిక్ అను, తనంతట తానే సర్దుకొను ఏర్పాటున్న ఇంజనులు 25 శాతము వరకు తట్టుకొనును.

కారణము వినండి. ఇథనాలులో ప్రాణవాయువు కలదు. అందుచేత అదే గాలికి ఇంధనము మరికొంత ఎక్కువ కావలెను. అది అందనిచో ఇంజను వేడెక్కును. ఈ ఇంజనుకు వేరే ఆయిలు లేదు, పెట్రోలుతో కలిసి వచ్చినదే దిక్కు. ఇంధనము తగ్గిన ఆయిలును తగ్గును. పిస్టను గీతలు పడి పట్టివేయును. 170, 180, 210, 230, 250 రంపములకు ఎం-ట్రానిక్ లేదు. మీ రంపమునకు పెద్ద వేగపు స్క్రూ ఉన్నచో తెలిసిన మెకానిక్కుచే దానిని సరిచేయించుకొనండి. కర్రలో దింపక పూర్తి రేసు ఇచ్చినపుడు మోత కొద్దిగా తడబడవలెను. కర్రలో దిగగనే తేటపడవలెను. ఉత్తగ తిరుగునపుడే కీచుమని సన్నని మోత వచ్చుచున్నచో వెంటనే ఆపివేయండి.

ఆయిలు కొలత నోటిలెక్కగ పోయవలదు. స్టిల్ వారి సొంత ఆయిలైనచో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. ఇతర టూటీ ఆయిలైనచో 40. ఇతర కంపెనీల రంపములకు వారి పుస్తకము చూడండి.

కోకో కొమ్మలకు, సన్నని సుబాబులుకు 30 సి.సి. చాలును. ముదురు జామాయిలు మొదళ్లకు 45 నుండి 50 సి.సి. ఉండవలెను. ముదిరిన ఆయిల్‌పామ్ మాను పీచుతోను, ఇసుక వంటి సిలికాతోను నిండియుండి చైనును త్వరగ మొద్దుపరచును. పొట్టు పెళుసుగ, పెద్ద ముక్కలుగ గాక పిండివలె రాలుచున్నచో లోపము ఇంజనుది కాదు, పళ్లను ఆకురాయి పట్టవలెను.

కోత కాలము ముగిసిన పిమ్మట ట్యాంకులోని పెట్రోలు తీసివేసి, తనంతట తాను ఆగువరకు ఇంజనును నడుపుడు. ఇథనాలు నీటిని పీల్చును. ఆ పెట్రోలు కార్బురేటరులో నెలల తరబడి నిలిచియున్నచో లోపలి పలుచని పొరలు బిరుసెక్కి, మరుసటి కోతకు త్రాడు ఎంత లాగినను ఇంజను అందుకొనదు.