శిలాధూళియు శ్రామికుని శ్వాసమును



గనిపనివారి నడుమనే వైద్యజీవితమును గడిపిన మహనీయుని స్మృత్యర్థ మేర్పడిన ఈ యుపన్యాసమునకు విషయమును వెదకికొనవలసిన పని నాకు లేకపోయినది. రోగి నాడి ముట్టుటకు పూర్వమే ఆయన “ఏమి పని చేయుదువు?” అని యడుగువారు. 1700 సంవత్సరమున ఇటలీ దేశమందలి మోడెనాలో వృత్తిజన్యవ్యాధులపై గ్రంథమును ప్రకటించిన బెర్నార్డినో రామజ్జిని, హిప్పొక్రటీసు నేర్పిన ప్రశ్నలకు చేర్చిన ప్రశ్న యిదియే. మన యాసుపత్రి చీటీలలో పేరునకును వయస్సునకును ఉన్న స్థిరమైన చోటు దీనికి నేటికిని దొరకలేదని నా యభిప్రాయము.

కోలారు బంగారు గనులను స్మరింపుడు. 2001లో మూతపడువరకును తమిళసీమనుండియు, మన చిత్తూరు ప్రాంతమునుండియు వచ్చినవారు తరతరములుగా ఆ పాతాళమునకు దిగిరి. పలుగురాతిలో బంగారముండును, ఆ రాతికి తూట్లు పొడిచి, మందు దట్టించి ప్రేల్చినపుడు లేచు ధూళిలో కంటికి కనబడునది నేల రాలును, కనబడని సూక్ష్మరేణువు ఊపిరితిత్తుల యట్టడుగునకు చేరును. దానిని మ్రింగిన రక్షకకణము చచ్చును. రేణువు మాత్రము చావక మరియొక కణమును చంపును. ఇట్లు గాయముపై గాయము మానుచు, మెత్తనై వ్యాకోచింపవలసిన ఊపిరితిత్తి గట్టిపడి ముడులు కట్టును. ఇదియే సిలికోసిస్. భారతదేశమున దీనిని మొదట 1934లో ఆ గనులలోనే గుర్తించిరి. 1940-46 నడుమ 7 వేలకు పైబడిన కార్మికులను పరీక్షింపగా నూటికి 40 మందికి పైగా ఈ వ్యాధి కానవచ్చెను. నయము చేయు మందు లేదు. గని విడిచిన పిమ్మటను వ్యాధి ముదురుచునే యుండును. క్షయ సులభముగా సోకును.

మందు లేని రోగమునకు వైద్యుడు చేయదగిన దేమి? అతని స్థానము ఆసుపత్రికంటె ముందుగా రాతి యెదుటనే యున్నది. నీరు పారించుచు తూట్లు పొడిపించుట, ప్రేల్పు పిమ్మట ధూళి యణగువరకు ఎవరిని పోనీయకుండుట, గాలి యాడు మార్గములను చూచుకొనుట, పనిలో చేరునాడును అటుపై నియమితకాలమునందును ఎక్స్‌రే తీయించుట, తొలిచిహ్నము కనబడిన వానిని కూలి తగ్గింపక వేరు పనికి మార్పించుట: ఇవియే అతని ఔషధములు. ముఖమునకు గుడ్డ కట్టుకొమ్మని చెప్పి చాలించుట, యజమాని ధర్మమును కూలివాని నెత్తిన పెట్టుటయే; ఆ గుడ్డ సూక్ష్మరేణువు నాపజాలదు.

నన్ను మిక్కిలి బాధించునది స్వగ్రామమునకు మరలినవాని స్థితి. దగ్గును చూచి క్షయ యందురు, ఏండ్ల తరబడి ఆ మందులే మ్రింగింతురు; అతడు రాయి కొట్టినవాడని ఎవరును అడుగరు. ఆస్బెస్టాస్ కార్మికుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1995లో, పనిలో చేరిన నాటినుండి 40 ఏండ్లు గాని, మానిన పిమ్మట 15 ఏండ్లు గాని, ఏది తరువాత వచ్చునో అంతవరకు ఆరోగ్యపత్రములను భద్రపరుపవలెనని శాసించినది. వ్యాధి ఎంత ఆలస్యముగా బయటపడునో ఎఱిగిన తీర్పు అది. అయినను నేడు కంకర మిల్లులలో రాయి నలుగగొట్టువారిలో పెక్కండ్రు మేస్త్రీ మాటపై వచ్చి మేస్త్రీ మాటపై పోవువారు. వారి పేరులు ఏ పుస్తకమునను నిలువవు. కావున ఆరోగ్యపత్రపు ప్రతిని, కార్మికుడు చదువగల భాషలో, ఎక్స్‌రేతో గూడ, అతని చేతికే ఈయవలెనని కోరుచున్నాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సిలికోసిస్‌ను వైద్యుడు ప్రభుత్వమునకు తెలుపవలసిన వ్యాధులలో చేర్చెను. ఆ యారోగ్యపత్రము కార్మికుని పెట్టెలో నున్నచో జిల్లా ఆసుపత్రి వైద్యుడు వ్యాధిని పోల్చుకొని తెలియజేయగలడు, పరిహారము కోరుటకు ఆ కార్మికుని భార్యాబిడ్డల కొక యాధారమును మిగులును.