పట్టీలు బిగిశాయా? కాళ్ళ వాపు సంగతి

 

పొద్దున వదులుగా ఉన్న పట్టీలు సాయంత్రానికి బిగిసిపోతాయి. చెప్పు వారు పాదం మీద గీతలా అచ్చు పడుతుంది. చీలమండ దగ్గర ఎముక కనబడదు. ఇంట్లో పెద్దవాళ్ళు చూసి "కాళ్ళకు నీరొచ్చింది" అంటారు.

ఆ మాట నిజమే. అది నీరే. కానీ ఎందుకొచ్చింది? ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒకరికి తగ్గిన మందు ఇంకొకరు వాడతారు. వాపు అనేది జబ్బు పేరు కాదు, జ్వరం లాగానే అదొక గుర్తు. కొందరికి వెనుక ఏ జబ్బూ ఉండదు. కొందరికి గుండెలో ఉంటుంది. కొందరికి మూత్రపిండాల్లో ఉంటుంది. ఇంకొందరికి దోమ కాటులో ఉంటుంది.

ముందు ఒక చిన్న పరీక్ష. దీనికి డాక్టరు అక్కర్లేదు. చీలమండకు కొంచెం పైన, కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కాలి. పది లెక్కపెట్టి వేలు తియ్యాలి. గుంట అలాగే నిలిచిందా? అయితే నీరు చేరింది. గుంట పడలేదా? అది ఒట్టి లావు కావచ్చు. కొందరికి పుట్టుకతోనే చీలమండలు లావుగా ఉంటాయి. తల్లికీ అలాగే ఉంటాయి, అమ్మమ్మకీ అలాగే ఉంటాయి. దానికి మందు వెతకాల్సిన పని లేదు. అయితే గుంట పడని వాపు రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం చూపించుకోవాలి. థైరాయిడ్ జబ్బులోనూ అలా ఉంటుంది. బాగా ముదిరిన బోదకాలులోనూ అలా ఉంటుంది.

ఇక నీరు సంగతి. గుండె నుంచి నెత్తురు పాదాల దాకా దిగుతుంది. మళ్ళీ పైకి ఎక్కాలి. దిగడం తేలిక. ఎక్కడం కష్టం. బావిలో నీళ్ళు తోడాలంటే చేద కావాలి కదా! కాలిలో ఆ పని పిక్క చేస్తుంది. నడిచినప్పుడు పిక్క కండ బిగుస్తుంది, వదులవుతుంది. బిగిసినప్పుడల్లా నెత్తురును పైకి తోస్తుంది. నరాల్లో చిన్న చిన్న తలుపులు ఉంటాయి. తోసిన నెత్తురు మళ్ళీ కిందికి జారకుండా అవి ఆపుతాయి.

మరి కదలకుండా నిలబడితే? పిక్క పని చెయ్యదు. నెత్తురు కిందే ఆగిపోతుంది. అందులోని నీరు నరాల నుంచి ఊరి చీలమండల దగ్గర చేరుతుంది.

సికింద్రాబాదులో ఇలాంటి కాళ్ళు ఎన్నో కనబడతాయి. జనరల్ బజారు బట్టల దుకాణాల్లో చీరలు విప్పి చూపించే అమ్మాయిలు పొద్దున వచ్చి రాత్రి దాకా నిలబడే ఉంటారు. మోండా మార్కెట్లో కూరగాయలు అమ్మే తల్లులు గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు. రెండూ చెరుపే. రైల్వే స్టేషనులో బరువులు మోసే కూలీ ఎంతో కష్టపడతాడు. కానీ అతను నడుస్తూనే ఉంటాడు. అతని కంటే గేటు దగ్గర కదలకుండా నిలబడ్డ కాపలా మనిషికి కాళ్ళు వాచే వీలు ఎక్కువ.

ఈ వాపు రెండు కాళ్ళకూ వస్తుంది. సాయంత్రానికి పెరుగుతుంది. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి దిగిపోతుంది. నొప్పి ఎక్కువ ఉండదు, లాగుతున్నట్టు ఉంటుంది. దీనికి మాత్రలు వద్దు. గంటకోసారి నాలుగడుగులు నడవాలి. బేరం వదిలి వెళ్ళే వీలు లేకపోతే నిలబడ్డచోటే మడమలు ఎత్తి దించాలి. ఇరవై సార్లు చేస్తే పిక్క మళ్ళీ పనిలోకి వస్తుంది. ఇంటికి వచ్చాక వెల్లకిలా పడుకుని, కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకోవాలి. పాదాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. అరగంట చాలు. వంట ఎవరు చేస్తారంటారా? ఆ అరగంట ఇంట్లో మగవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడితే వాళ్ళ కాళ్ళకేమీ కాదు!

పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు మాత్రం ఇలా చెయ్యకూడదు. వాళ్ళ సంగతి వేరు, అది తర్వాత వస్తుంది.

ఒక చిన్న పీట వేస్తే పోయే బాధ ఇది. కానీ చాలా దుకాణాల్లో కూర్చుంటే యజమాని ఊరుకోడు. కేరళలో కోళికోడు బట్టల దుకాణాల ఆడవాళ్ళు దీని మీదే పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టం మార్చింది. పనివాళ్ళకు కూర్చునే చోటు ఇవ్వాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టమే చేసింది. కాళ్ళ వాపుకు ఆ రెండు రాష్ట్రాల్లో దొరికిన మందు ఒక కుర్చీ.

ఉప్పు మాట కూడా చెప్పుకోవాలి. ఉప్పు నీటిని పట్టి ఉంచుతుంది. మనిషికి రోజుకు ఒక చిన్న చెంచా ఉప్పు, అంటే అయిదు గ్రాములు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూరలో వేసింది ఒక్కటే లెక్క కాదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేప, మిక్చర్ పొట్లం, అన్నీ కలిపి లెక్క. ఆవకాయ మానెయ్యమంటే ఎవరూ వినరు. ముక్క తగ్గించుకుంటే చాలు. నీళ్ళు తాగడం తగ్గిస్తే వాపు తగ్గుతుందని కొందరు అనుకుంటారు. అది తప్పు. డాక్టరు చెబితే తప్ప నీళ్ళు తగ్గించకూడదు.

ఇక భయపడాల్సిన వాపు ఏది?

పొద్దున లేచేసరికి కూడా దిగలేదు. పైపైకి పాకుతోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి వస్తోంది. ఇది గుండె చెప్పే మాట. పొద్దున్నే కళ్ళ కింద, ముఖం మీద ఉబ్బు కనబడి, మూత్రం నురగగా వస్తే మూత్రపిండాలను అనుమానించాలి. పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడితే కాలేయం. సారా అలవాటు ఉన్న ఇళ్ళలో ఇది బాగా తెలిసిన సంగతే. నాలుక, గోళ్ళు తెల్లగా పాలిపోయి, ఊరికే అలసట వస్తుంటే నెత్తురు తక్కువ కావచ్చు. ఏదైనా సరే, చెట్ల మందులతో నెలలు గడపకూడదు. హైదరాబాదు, సికింద్రాబాదు బస్తీల్లో 2018 నుంచి బస్తీ దవాఖానలు తెరిచారు. ముందు అక్కడ చూపించుకోవచ్చు. బీపీ చూస్తారు. మూత్రం, నెత్తురు పరీక్ష చేయిస్తారు. పెద్ద జబ్బని అనుమానం వస్తే గాంధీ ఆసుపత్రి వంటి పెద్ద దవాఖానకు పంపిస్తారు.

మందుల దుకాణంలో "నీరు దిగే మాత్ర" అడిగి కొనుక్కునేవాళ్ళు ఉన్నారు. మూత్రం ఎక్కువ పోయి వాపు దిగుతుంది, నిజమే. కానీ ఒంట్లోని లవణాలు కూడా పోతాయి. మనిషి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. లోపలి జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకో సంగతి. కొన్ని మందుల వల్లే కాళ్ళు వాస్తాయి. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ మాత్ర కొందరికి చీలమండల వాపు తెస్తుంది. అలాగని మాత్ర మానెయ్యకూడదు. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. మోకాళ్ళ నొప్పులకు రోజూ మింగే నొప్పి మాత్రలూ అంతే. అవి మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తాయి.

గర్భిణులకు నెలలు నిండేకొద్దీ కాళ్ళు కొంచెం వాయడం మామూలే. "మొదటి కానుపు కదా, అలాగే ఉంటుంది" అని అత్తలు అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ ముఖం, చేతులు కూడా ఉబ్బితే, తలనొప్పి తగ్గకపోతే, చూపు మసకబారితే, పైపొట్టలో నొప్పి వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు. బీపీ పెరిగిందన్నమాట. ఫిట్స్ రావచ్చు. తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే 108కి ఫోను చెయ్యాలి. నెలనెలా బీపీ, మూత్రం పరీక్ష చేసేది ఇది ముందే పట్టుకోవడానికే.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా రెండు కాళ్ళ వాపు. ఒక్క కాలే వాచిందా? అప్పుడు వేరే సంగతి. కాలు బెణికితే కారణం ఆ మనిషికే తెలుస్తుంది. కానీ దెబ్బ తగలకుండా ఒక్క కాలు హఠాత్తుగా వాచి, పిక్క నొప్పి పెట్టి, ముట్టుకుంటే వేడిగా ఉంటే లోపల నరంలో నెత్తురు గడ్డకట్టి ఉండవచ్చు. ఆపరేషను తర్వాత, కానుపు తర్వాత, చాలా రోజులు మంచాన పడ్డ తర్వాత ఇలా వస్తుంది. ఆ కాలికి నూనె రాసి మర్దన చెయ్యకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతే ప్రాణం పోతుంది. ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే పిసుకుతారు. అందుకే ఈ ముక్క అందరికీ తెలియాలి.

ఒక్క కాలికి వచ్చి, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగే వాపు ఇంకొకటి ఉంది. అదే బోదకాలు. తెలుగు నేల మీద దీని పేరు తెలియనివాళ్ళు లేరు. కారణం తెలిసినవాళ్ళు తక్కువ. పూర్వజన్మ పాపమంటారు. వంశంలో ఉందంటారు. ఆ ఇంటి పిల్లను చేసుకోమంటారు. ఇవన్నీ అబద్ధాలు. బోదకాలు ముట్టుకుంటే అంటదు. తల్లి నుంచి బిడ్డకు రాదు. దోమ తెస్తుంది.

ఈ దోమ కథలో సికింద్రాబాదుకూ చోటుంది. 1877లో చైనాలో పనిచేస్తున్న ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు బోదకాలు పురుగు దోమ కడుపులో పెరుగుతుందని కనిపెట్టాడు. మలేరియా కూడా అలాగే వస్తుందేమోనని ఆయనకు అనుమానం. 1894లో లండనులో రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరుకు ఆ మాట చెప్పాడు. రాస్ సికింద్రాబాదులో ఉద్యోగం చేస్తూ దోమలను కోసి చూశాడు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి తనను దోమలతో కుట్టించుకున్నాడు. కాటుకు ఒక అణా చొప్పున రాస్ ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమ కడుపులో రాస్‌కు మలేరియా క్రిమి కనబడింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. పేరు రాస్‌కు వచ్చింది, కాట్లు హుసేన్ ఖాన్ తిన్నాడు.

మలేరియా దోమ వేరు, బోదకాలు దోమ వేరు. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ మురికి నీళ్ళలో, నాలాల్లో, మూత లేని సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతుంది. రాత్రిపూట కుడుతుంది. దాని వల్ల ఒంట్లో చేరిన పురుగులు చాలా ఏళ్ళు బతుకుతాయి. కాలి నుంచి నీటిని పైకి తీసుకుపోయే సన్నని గొట్టాలను పాడుచేస్తాయి. మొదట్లో ఏమీ తెలియదు. తర్వాత అప్పుడప్పుడూ చలిజ్వరం, గజ్జల్లో బిళ్ళలు. ఆ తర్వాత కాలు లావెక్కుతుంది.

అందుకే 2004 నుంచి ఈ జబ్బు ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు పంచుతూ వచ్చారు. చాలామంది మాత్ర తీసుకుని గూట్లో పెట్టారు. "నాకు జబ్బు లేదు కదా" అన్నారు. జబ్బు కనబడనివాళ్ళ నెత్తురులోనే పురుగు పిల్లలు తిరుగుతుంటాయి. అందుకే మాత్ర ఇచ్చినవాళ్ళ ఎదుటే మింగాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుగా ఉన్నవాళ్ళకు ఇవ్వరు.

కాలు ఇప్పటికే లావైనవాళ్ళ సంగతేమిటి? పూర్తిగా మామూలు కాలు కాకపోవచ్చు. కానీ పెరగకుండా ఆపవచ్చు. రోజుకు రెండుసార్లు సబ్బుతో, చల్లని నీళ్ళతో కాలు కడగాలి. వేళ్ళ సందుల్లో, మడతల్లో మెత్తని గుడ్డతో తడి అద్దాలి. గట్టిగా రుద్దకూడదు. పగుళ్ళకు, పుండ్లకు మందు రాయాలి. చెప్పులు లేకుండా తిరగకూడదు. రాత్రి కాలు ఎత్తులో పెట్టుకోవాలి. జ్వరాలు ఆ పగుళ్ళ గుండానే వస్తాయి. ఒక్కో జ్వరంతో కాలు ఇంకొంచెం లావవుతుంది. శుభ్రంగా ఉంచుకుంటే జ్వరాలు తగ్గుతాయి. ముదిరిన బోదకాలు ఉన్నవాళ్ళకు తెలంగాణ ప్రభుత్వం 2018లో ఆసరా పింఛను మొదలుపెట్టింది. పేరు రాయించుకోవడానికి సిగ్గుపడి ఇంట్లో ఉండిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు పక్కింటివాళ్ళే చెప్పాలి.

చివరిగా ఒక మాట. బోదకాలు పురుగు పిల్లలు పగలు నెత్తురులో దాదాపు కనబడవు. రాత్రి పది దాటాక బయటికి వస్తాయి. కాబట్టి ఆరోగ్య శాఖవాళ్ళు పరీక్షకు రాత్రిళ్ళే వస్తారు. ఇంత పొద్దుపోయాక ఎవరు వచ్చారో అని తలుపు తియ్యకుండా ఉండకండి. ముందు గుర్తింపు కార్డు అడిగి చూడండి. తర్వాత వేలు చాపండి. వాళ్ళకు కావలసింది రెండు మూడు నెత్తురు చుక్కలు.