గోలెంలో వాతావరణం: కరువు నేలలో డెంగీ

మన మలేరియా సార్ పేర జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలవడం గౌరవంగా భావిస్తున్నాను. ఆయన సేవల గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. నాకు గుర్తున్నది ఒక్కటే. ఎవరింటికి పోయినా కుర్చీలో కూర్చోకముందే నీళ్ల గోలెం మూత తీసి, టార్చి వేసి, నీటి గీతకు పైన గోడను వేలితో తడిమి చూసేవారు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూడటం, వేడికి దోమ ఒంట్లో వైరస్ తొందరగా పెరగడం, మలేరియా వ్యాప్తికి సుమారు 25 డిగ్రీలు, డెంగీకి 29 డిగ్రీలు అనువైనవన్న లెక్కలు మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

నా తగాదా ఎన్నాళ్లుగానో ఒక్క మాటతోనే: వానలు పడితేనే దోమ జ్వరాలు. నల్గొండ జిల్లా మర్రిగూడ లాంటి మెట్ట నేలలో ఇది సగం నిజం. ఫ్లోరైడ్ బోరు నీళ్లకు నడుములు వంగిన ఈ ప్రాంతంలో మంచినీళ్లంటే పట్టి దాచుకునే సొత్తు. డెంగీ మోసే ఈడిస్ దోమకు కావలసింది సరిగ్గా ఆ నిల్వనీళ్లే. అదే దోమ మోసే చికున్‌గున్యా 2005 చివర రాయలసీమలో తలెత్తి, 2006లో దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులకు చేరింది. కరువు సీమ దానికి అడ్డు కాలేదు.

బార్బడోస్‌పై 2018లో రేచల్ లోవే బృందం ప్రచురించిన అధ్యయనం చూడండి. కరువు వచ్చిన నాలుగైదు నెలలకు డెంగీ ముప్పు పెరిగింది, అతివర్షం తర్వాత ఒకటి రెండు నెలలకూ పెరిగింది. వియత్నాంపై 2011లో ష్మిట్ బృందం నల్లా లేని, ఓ మోస్తరు జనసాంద్రత ఉన్న చోట్లనే ముప్పు ఎక్కువని తేల్చింది.

కేసులు సెప్టెంబరులోనే పెరుగుతాయి కదా అంటారు. పెరుగుతాయి. కానీ ఎండాకాలమంతా గోలెం గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, నీళ్లు తగలగానే పొదుగుతాయి. 44 డిగ్రీల ఎండలో దోమ బతుకుతుందా అంటారు. ఆ అంకె బయటి గాలిది. ఇంటి మూల గోలెం పక్కన నీడ వేరు, తడి వేరు. సాయంత్రం వీధిలో పొగ వదిలితే పగలు కుట్టి ఇంట్లో దాగే దోమకు తగలదు, గుడ్డుకు అసలే తగలదు. వారానికోసారి నీళ్లు ఒంపి, గోడను పీచుతో గీకి తోమాలి.

దోమకు ఆధారం నిల్వనీళ్లే కాబట్టి నల్లా వేళను దోమల నివారణలో భాగం చేయమంటున్నాను. మిషన్ భగీరథ పథకం కృష్ణా నీళ్లను ఇంటికి తెచ్చింది. ఆ నీళ్లు రోజూ ఒకే వేళకు వస్తాయన్న నమ్మకం కుదిరితేనే గోలేలు, డ్రమ్ములు తగ్గుతాయి.

ఇప్పుడు నేను ఈ మండలంలో ఇంటింటి నీటి పుస్తకం రాయిస్తున్నాను: ఎన్ని పాత్రలు, మూత ఉందా, నల్లా ఎప్పుడొచ్చింది, జ్వరం ఎవరికి. డిండి ఎత్తిపోతల పథకం కింద శివన్నగూడెం రిజర్వాయరు నిండితే ఈ నేల నీటి తీరే మారుతుంది. డెంగీ తగ్గవచ్చు, కాలువ వెంట మలేరియా దోమ రావచ్చు. ముందటి లెక్క లేకపోతే తర్వాతి మార్పును ఎవరూ నిరూపించలేరు. ఈ స్మారక నిధి వడ్డీ నుంచి కొంత ఆ పుస్తకాలకు కేటాయించండి, ప్రతి ఊరి నుంచి రాసేవాళ్లను ఇవ్వండి. అదే నా మనవి.