హత్య, ఉరిశిక్ష – ఒక పోలండు చిత్రం



సినిమా గురించి ప్రసంగం అనగానే పాటలో, కథానాయకుడో మీకు గుర్తుకు రావచ్చు. ఈనాడు నేను చెప్పబోయే చిత్రంలో పాటలు లేవు. నాయకుడు అనదగిన మనిషీ లేడు. పోలండు దర్శకుడు కీస్లోవ్‌స్కీ 1988లో తీసిన ఈ చిత్రం పేరును మన భాషలో ‘చంపడం గురించి ఒక చిన్న చిత్రం’ అని చెప్పుకోవచ్చు. నిడివి గంటన్నర లోపే. ఆ ఏడు కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి పొందింది. కథా రచనలో దర్శకునికి తోడుగా నిలిచిన పియెషేవిచ్ వృత్తిరీత్యా న్యాయవాది. కోర్టులూ జైళ్లూ ఎరిగిన మనిషి చెయ్యి ఇందులో పడిందని చూస్తుంటేనే తెలుస్తుంది.

కథ చిన్నదే. యాత్సెక్ అనే కుర్రవాడికి ఇరవై ఏళ్లు ఉంటాయి. పల్లెటూరి నుంచి వచ్చి వార్సా నగరంలో పనీపాటా లేకుండా తిరుగుతుంటాడు. వంతెన మీద నిలబడి, కింద పోయే కార్ల మీదికి రాయి తోసేస్తాడు. ఆ తరువాత ఒక టాక్సీ ఎక్కి, ఊరి బయటికి పోనిమ్మని, వెనుక నుంచి డ్రైవరు మెడకు తాడు బిగిస్తాడు. మన సినిమాల్లో మనిషి ఒక్క పోటుకు చచ్చిపోతాడు. ఇక్కడ చావడు. కొన్ని నిమిషాల పాటు పెనుగులాడతాడు, ప్రాధేయపడతాడు. చివరికి రాయి పడుతుంది. ఎందుకు చంపాడో దర్శకుడు చెప్పడు. చంపినవాడి మీద మనకు జాలి పుట్టించే ప్రయత్నమూ అప్పటికి చెయ్యడు. చచ్చినవాడూ సాధువు కాడు. చలిలో ఎదురుచూస్తున్న వాళ్లను ఎక్కించుకోకుండా పోయిన మనిషి. అయితే తన చేతిలో ఉన్న తిండి వీధికుక్కకు పెట్టిన మనిషి కూడా.

కోర్టు వాదనలు చూపకుండా చిత్రం నేరుగా తీర్పు చదవడం అయిపోయిన చోటికి వెళుతుంది. ఇక మిగిలింది రెండవ చావు. ఈసారి అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది. తలారి ముందుగా వచ్చి యంత్రానికి నూనె వేస్తాడు, తాడు సరిచూస్తాడు, కింద తొట్టి అమర్చుకుంటాడు. మన ఊళ్లో మోటారు పంపు బాగుచేసే మనిషి ఎంత శ్రద్ధగా పని చేస్తాడో అంత శ్రద్ధ! మొదటి హత్యలో కోపమో పిచ్చో ఉంది. ఇందులో అదీ లేదు. నన్ను అన్నిటికంటె ఎక్కువగా కలతపెట్టింది ఈ నిదానమే.

ఉరికి ముందు ఖైదీ తన న్యాయవాదితో మాట్లాడతాడు. తన ముద్దుల చెల్లెలు ట్రాక్టరు కింద పడి చనిపోయిందనీ, ఆ ట్రాక్టరు నడిపినవాడు తనతో కలిసి తాగిన స్నేహితుడేననీ చెబుతాడు. పెద్దది చేయించడానికి ఇచ్చిన చెల్లెలి ఫోటో అమ్మకు చేర్చమంటాడు. బయట అధికారులు మాటలు ముగిశాయా అని అడిగితే, ముగిశాయని తాను ఎన్నటికీ చెప్పనని న్యాయవాది జవాబిస్తాడు.

ఉరిని చూస్తే ఇతరులు భయపడతారు కదా అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు వెతకడానికి వార్సా దాకా పోనక్కరలేదు. కడంబూరు పక్కనే కయత్తారు ఉంది. 1799 అక్టోబరు 16న, తెలుగు మాట్లాడే పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మను నాయకరును కంపెనీ సేనాని బానర్మన్ అక్కడే చింతచెట్టుకు ఉరితీయించాడు. ఆయన హంతకుడు కాదు. ఆయననూ యాత్సెక్‌నూ ఒక్కగాట కట్టడం నా ఉద్దేశం కాదు. నేను చెప్పేది ఆ ఉరి వెనుక ఉన్న ఆలోచన గురించి. తక్కిన పాళెగాళ్లను పిలిపించి, చూసి బుద్ధి తెచ్చుకోమని వాళ్ల ఎదుట ఆ పని చేశారు. రెండేళ్లు తిరగకుండానే, 1801లో, తమ్ముడు ఊమైదురై పాళయంకోట జైలు నుంచి తప్పించుకుని పాంచాలంకురిచ్చి కోట మళ్లీ లేపాడు.

అయితే కట్టబొమ్మను విషయంలో మన మనసు సులువుగా ఒక పక్కకు మొగ్గుతుంది. కష్టమైన సంగతి వేరే ఉంది. 1993 మార్చిలో హైదరాబాదు నుంచి చిలకలూరిపేటకు వస్తున్న బస్సులో ఇద్దరు యువకులు దోపిడీకి దిగి, పెట్రోలు చల్లి నిప్పుపెట్టారు. 23 మంది కాలిపోయారు. ఆ ఇద్దరూ పేద దళిత కుటుంబాల పిల్లలు. గుంటూరు సెషన్సు కోర్టు ఉరిశిక్ష వేసింది. హైకోర్టు, 1996లో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేశాయి. అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ కేసులో చెప్పింది. 23 ప్రాణాలు పోయిన కేసు అరుదైనది కాదని ఎవరంటారు?

1997 మార్చిలో రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉరికి రోజు కూడా ఖరారైంది. పౌరహక్కులవారు, మహాశ్వేతాదేవి వంటి రచయితలు ఆపమని అడిగారు. వీళ్లు నిర్దోషులని కాదు, చంపవద్దని. కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చారు. నిర్దోషి కోసం జాలి అడగడం తేలిక. చేతులకు నెత్తురు అంటినవాడి కోసం అడగడం ఎంత బరువో ఆ రోజుల్లో అడిగినవారికి తెలుసు. కీస్లోవ్‌స్కీ ఎన్నుకున్నదీ ఆ బరువైన దారినే.

ఆ చిత్రంలో నాకొక లోటు కనబడింది. యాత్సెక్ తల్లి గురించి తెలుస్తుంది, చెల్లెలి గురించి తెలుస్తుంది. టాక్సీ డ్రైవరు ఇంట్లో ఆ సాయంత్రం ఏం జరిగిందో మాత్రం చూపలేదు. చిలకలూరిపేట బస్సులో తమవారిని పోగొట్టుకున్న ఇళ్లను తలచుకున్నప్పుడు ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఉరి వద్దని వాదించేవారు ఆ గుమ్మాల్లోకి కూడా వెళ్లి మాట్లాడవలసి ఉంటుంది.

పోలండులో ఈ చిత్రం విడుదలైన మరుసటి నెల, 1988 ఏప్రిల్‌లో, క్రాకోవ్ జైలులో ఒక ఖైదీని ఉరితీశారు. ఆ దేశంలో అదే ఆఖరి ఉరి. రాజమండ్రిలో తాడు ఆగిన 1997లోనే అక్కడి పార్లమెంటు ఆమోదించిన కొత్త శిక్షాస్మృతిలో మరణశిక్ష అన్న మాట లేదు. మన దేశంలో ఉంది.