నాలుగో బొమ్మ దగ్గర అమ్మ

(అక్షర కేంద్రంలో ఒక అక్క చేసిన ప్రసంగం)

 

బెజవాడ పక్కన గుణదల కొండ మీకు తెలుసు కదా! 1924లో అక్కడ మరియమాత బొమ్మ నిలిపారు. ఏటా ఫిబ్రవరిలో తిరునాళ్లు. అన్ని మతాల వాళ్లూ వస్తారు. తలనీలాలు ఇస్తారు. కానీ ఈరోజు నేను చెప్పేది మా ఊరి చిన్న గుడి సంగతి.

ఒక గుడినీ, దాని కింది ఊళ్లనూ కలిపి కతోలికులు 'విచారణ' అంటారు. మా గుడి గంట రోజుకు మూడుసార్లు మోగేది. అప్పుడు మా ఇళ్లలో గడియారాలు లేవు. మధ్యాహ్నం గంట వినబడితేనే పొలంలో ఆడవాళ్లు సద్ది మూట విప్పేవాళ్లు. ఎవరైనా చనిపోతే అదే గంట ఆగి ఆగి మోగేది. చేతిలో పని వదిలేసి వెళ్లేవాళ్లం.

గుడి లోపల పొడవుగా ఉంటుంది. ఆ చివర బలిపీఠం. గోడలకు ఇటు ఏడు, అటు ఏడు బొమ్మలు. ఏసు సిలువ మోసిన కథ అది. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఈస్టరు ముందు శుక్రవారాల్లో ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, కథంతా మాకు చెప్పేది. నాలుగో బొమ్మలో తల్లి కొడుక్కి ఎదురొస్తుంది. అక్కడ అమ్మ చాలాసేపు నిలబడేది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

అమ్మ చిన్నప్పుడు పూజ లాటిన్ భాషలో జరిగేదట. గురువు గారు జనానికి వీపు పెట్టి, పీఠం వైపు తిరిగి చేసేవారట. చదువుకున్న వాళ్లకే అర్థం కాదు, ఇక అమ్మకేం తెలుస్తుంది? 1962 నుంచి 1965 దాకా రోములో పెద్ద సభ జరిగింది. ఆ తర్వాత పూజ తెలుగులోకి వచ్చింది. పీఠం ముందుకు జరిగింది. గురువు గారు మావైపు తిరిగారు. పక్కన బైబిలు చదివే బల్ల వేశారు.

నేను పెళ్లయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చాను. ఒక ఆదివారం గురువు గారు, "నువ్వు చదవమ్మా" అన్నారు. "ఆడమనిషి చదవడమేంటి?" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. కాళ్లు వణికాయి. 'ఫిలిప్పీయులకు' దగ్గర రెండుసార్లు ఆగాను. చాప మీద కూర్చున్న అమ్మ తల పైకెత్తి చూస్తూనే ఉంది.

2021లో పోప్ ఫ్రాన్సిస్ గారు నియమం మార్చారు. ఈ చదివే బాధ్యత ఆడవాళ్లకూ అధికారికంగా ఇవ్వవచ్చన్నారు. అప్పటికే ఎన్నో గుళ్లలో ఆడవాళ్లు చదువుతున్నారు లెండి.

వచ్చే ఆదివారం మళ్లీ నా వంతు. ఈసారి 'కొలొస్సీయులకు' అని ఉంది. ఇప్పటి నుంచే కూడబలుక్కుంటున్నాను.