బండికి బొట్టు పెట్టేముందు



దసరా వస్తోందంటే మన ఇళ్ళల్లో ఆయుధపూజ హడావుడి మొదలవుతుంది. కత్తిపీట కడిగి, కుట్టుమిషను తుడిచి, వాకిట్లో నిలబెట్టిన మోటారుసైకిలుకు పసుపూ కుంకుమా అద్ది, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఏడాదికి ఆ ఒక్క రోజు బండి మన చేతికి వస్తుందన్నమాట. మిగతా రోజులు అది మగవాళ్ళ వస్తువు, మనం వెనక కూర్చునేవాళ్ళం. సొంతంగా స్కూటర్లు నడుపుకునే సోదరీమణులు ఈ రోజుల్లో ఎందరో వున్నారు, కాదనను. కానీ వాళ్ళలో కూడా చాలామంది బండి బాగోగులు ఇంట్లో మగవాళ్ళకో మెకానిక్కుకో వదిలేసినవాళ్ళే. ఈ దసరాకు పూజతో పాటు ఇంకో అరగంట బండి దగ్గర కూర్చోమని అడగడానికే ఈ నాలుగు మాటలు.

"మోటారుసైకిలు సంగతి నీకేం తెలుసమ్మా?" అంటారేమో. రెండేళ్ళ క్రితం దాకా నాకూ ఏమీ తెలియదు. అప్పుడు పురుడు పొయ్యడానికి ఇంగ్లండులో వున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. కారు తల్లీబిడ్డల అవసరానికి ఇంట్లో వదిలి, మా అల్లుడు ఆఫీసుకు మోటారుసైకిలు మీద వెళ్ళివస్తూ వుండేవాడు. ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని బస్సు దిగి వచ్చాడు.

"బండేది బాబూ?" అన్నాను.

"ఫెయిలయింది అత్తయ్యగారూ!"

దారిలో ఆగిపోయింది కాబోలు అనుకున్నాను. అది కాదట. బండి పరీక్ష తప్పిందట!

ఆ దేశంలో మోటారుసైకిలు రిజిస్టరయిన మూడేళ్ళకు మొదటి పరీక్ష, ఆ తరవాత ఏటేటా ఒక పరీక్ష. దాన్ని ఎం.ఓ.టి. అంటారు. రవాణా మంత్రిత్వశాఖ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలవి. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్ళు దాటిన బండ్లకే పరీక్ష వుండేదట. తప్పిన బండ్ల సంఖ్య చూసి కంగారుపడి మరుసటి ఏడే దాన్ని ఏడేళ్ళకు దించారు. 1967లో మూడేళ్ళు చేశారు. మోటారుసైకిలుకు ఇరవైతొమ్మిది పౌన్ల అరవైయైదు పెన్నీలకు మించి రుసుము తీసుకోకూడదు. పరీక్ష లేకుండా రోడ్డెక్కితే వెయ్యి పౌన్లదాకా జరిమానా పడవచ్చు. ఏ బండి ఏ ఏడు ఏ లోపంతో తప్పిందో నంబరు కొట్టి ఎవరైనా కంప్యూటరులో చూసుకోవచ్చు. పెళ్ళిచూపుల ముందు ఇంత సమాచారం దొరికితే ఎంత బాగుండును!

మా అల్లుడికి ఒకటే ఉక్రోషం. "నాలుగేళ్ళయింది, చలికాలంలో కూడా ఒక్కనాడు మొరాయించలేదు. అంత నమ్మకమైన బండిని తప్పిస్తారా?" అని. అతని చేతిలోని కాగితం అమ్మాయి చదివి చెప్పింది. తప్పు ఇంజనుది కాదు. అసలు ఆ పరీక్షలో ఇంజను, క్లచ్చి, గేర్ల స్థితి చూడనే చూడరట! విని ఆశ్చర్యపోయాను. మనం బండి అంటే ఇంజనే అనుకుంటాం గదా. రాత్రి పసిదాన్ని ఒళ్ళో వేసుకుని ఆలోచిస్తే అందులో న్యాయం కనబడింది. ఇంజను చెడితే బండి ఆగుతుంది. బ్రేకు చెడితే ఆగదు. మనిషి ప్రాణం మీదికి తెచ్చేది రెండోదే.

ఇంతకీ మా అల్లుడి బండిలో దొరికిన లోపాలు రెండు. ముందు బ్రేకు నొక్కితే వెనక ఎర్రదీపం వెలగలేదు. వెనక టైరు నడిమధ్య బల్లపరుపుగా అరిగిపోయింది. టైరు వేయించడానికి బండి అక్కడే వదిలి వచ్చాడన్నమాట. అక్కడి లెక్కల్లో మొదటిసారి పరీక్షకు వచ్చిన మోటారుసైకిళ్ళలో తప్పేవి ఐదింట ఒకటి కన్నా తక్కువే. కార్లతో పోలిస్తే ఇది మెరుగు. తప్పినవాటిలో మాత్రం అన్నిటికన్నా ఎక్కువగా కనబడేవి దీపాల లోపాలు. బ్రేకులు, టైర్లు, హేండిలు, సస్పెన్షను లోపాలూ తరచు కనబడేవే. చూశారా, కొన్ని ఎంత చిన్న వస్తువులో! అయినా ఎవరూ చూడరు. బండి నడుస్తోంది గదా!

మన దేశంలో సొంతానికి వాడుకునే మోటారుసైకిలుకు ఇలాంటి ఏటేటి పరీక్ష లేదు. లారీలకూ బస్సులకూ ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు వుంది. మన బండికి పొగ పరీక్ష వుంది, అది పొగను తప్ప మరి దేన్నీ చూడదు. రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తరవాత బండిని ఆఫీసుకు తీసుకుపోయి చూపిస్తే గాని మరో అయిదేళ్ళకు పొడిగించరు. అంటే కొన్న రోజు నుంచి పదిహేనో ఏడు దాకా బ్రేకులూ దీపాలూ చూసి తీరవలసిన వాళ్ళెవరూ లేరు. "మరి సర్వీసింగు?" అంటారు. మా వీధి చివర మెకానిక్కు చేసే జనరల్ సర్వీసింగు చాలాసార్లు చూశాను. నీళ్ళు కొట్టి, నూనె మార్చి, పాలిషు పెట్టి ఇచ్చేస్తాడు. బండి మిలమిల మెరుస్తుంది, మావారి మొహం కూడా.

ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చిన వారానికి గుర్తొచ్చి, ఒక రాత్రి మావారిని వాకిట్లోకి పిలిచాను. "ఏమండీ, తాళం తిప్పి ఒక్కసారి బ్రేకు నొక్కండి" అని నేను బండి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. బ్రేకు నొక్కితే పెరగవలసిన వెలుగు పెరగలేదు. ముందుది నొక్కినా అంతే, వెనకది నొక్కినా అంతే. పాత రకం బల్బులో రెండు తీగలుంటాయి, ఒకటి మామూలు వెలుగుకు, ఒకటి బ్రేకుకు. రెండోది తెగిపోయింది. ఎప్పుడు తెగిందో మావారికీ తెలియదు, నాకూ తెలియదు. నడిపేవాడికి తన వెనక దీపం కనబడదు గదా, వెనక కూర్చున్న మనకూ కనబడదు.

అప్పుడు నాకు ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. ఇంగ్లండు వెళ్ళబోయే ముందు ఒక సాయంత్రం కూరల బజారు నుంచి వస్తూంటే, మావారు సిగ్నలు దగ్గర బ్రేకు వేయగానే వెనక నుంచి ఒక ఆటో వచ్చి తగిలింది. దెబ్బలు తగల్లేదు, టమాటాలు రోడ్డు పాలయ్యాయి. ఆ ఆటో అబ్బాయిని మావారూ నేనూ పోటీలు పడి తిట్టాం. "కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాను నేను. "మీరు ఆగుతున్నట్టు కనబళ్ళేదమ్మా" అంటూ అతను ఏదో చెప్పబోయాడు. విననిస్తేనా! చుట్టూ చేరిన జనం కూడా మా పక్షమే. ఆ బల్బు ఖరీదు పాతిక రూపాయలు. ఆ పిల్లాడు ఎవరో, ఎక్కడుంటాడో, క్షమించమని చెప్పే దారి కూడా లేదు నాకు.

కనుక ఆయుధపూజ రోజున మొదట చూడవలసింది దీపాలే. పూజకు ముందురోజు చీకటి పడ్డాక చూడండి. ఒకరు బండి మీద, ఒకరు వెనక. బ్రేకులు రెండూ విడివిడిగా నొక్కించండి. చాలా బండ్లకు దేన్ని నొక్కినా దీపం వెలగాలి. ఒకదానికే వెలిగితే స్విచ్చి పోయిందని అర్థం. ఇండికేటర్లు నాలుగూ, హారనూ, నంబరుప్లేటు దీపమూ చూడండి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో వచ్చిన బండ్లకు ముందు దీపం పగలు కూడా వెలుగుతూనే వుంటుంది. అలా వెలగడం లేదంటే బల్బు మాడిపోయి వుండవచ్చు.

తరవాత టైర్లు. పగటి వెలుతురులో, బండి సెంటరు స్టాండు మీద వుండగా, ఇంజను ఆపి, చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చూడాలి. వేళ్ళు గొలుసు దరిదాపులకు పోనివ్వకండి. ఇంగ్లండులో పెద్ద మోటారుసైకిళ్ళకు టైరు వెడల్పులో ముప్పాతిక భాగమైనా ఒక మిల్లీమీటరు లోతు గాళ్ళు వుండితీరాలి. మనకు కొలబద్ద అక్కర్లేదు. టైరు పక్కన టి, డబ్ల్యు, ఐ అని మూడక్షరాలో చిన్న త్రికోణమో వుంటుంది. దానికి సూటిగా గాడిలో ఒక బుల్లి గట్టు వుంటుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే దాని ఆయువు తీరినట్టే. పక్కనే నాలుగు అంకెలు కూడా వుంటాయి. 2319 అని వుంటే 2019లో 23వ వారంలో తయారయిందని. గాళ్ళు బాగానే వున్నా పక్కలు బీటలువారిన పాత టైరును నమ్మకండి. మా పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో వున్న స్కూటరుకు మూడు చక్రాలూ ఒకే కొలత. ఒకటి పోతే స్టెప్నీ తగిలించుకుని ఇల్లు చేరేవాళ్ళం. ఇప్పటి మోటారుసైకిలుకు ఆ సుఖం లేదు.

ఇక గాలి. గొలుసు కవరు మీదనో ఆ చుట్టుపక్కలనో అతికించిన కాగితంలో వెనక టైరుకు రెండు అంకెలు రాసి వుంటాయి. ఒకటి మనిషి ఒక్కడే వెళ్ళేటప్పుడు, రెండోది వెనక ఇంకొకరు కూర్చున్నప్పుడు. రెండోది మన కోసమే రాశారు! గాలి కొట్టేవాడికి మావారు ఎప్పుడూ మొదటి అంకే చెప్పేవారు. అడిగితే, "నువ్వేమంత బరువని?" అన్నారు. పొగడ్తేననుకోండి, అయినా టైరు పొగడ్తలకు లొంగదు.

బ్రేకు సంగతి ఎక్కువ చెప్పను, అది మెకానిక్కు విప్పి చూడవలసిన పని. చేతి బ్రేకు నొక్కితే హేండిలు పిడికి తగిలేదాకా వస్తోందా, వెనక బ్రేకు రాడ్డు చివరి మర బిగించి బిగించి ఇంక చోటు లేదా, ఈ రెండూ మనం చూడవచ్చు. డిస్కు బ్రేకయితే హేండిలు మీది చిన్న డబ్బాలో నూనె గీత కిందికి దిగిందేమో చూడండి. ముందు చక్రం గాలిలో వుండేలా వెనక నుంచి ఒకరు అదిమి పట్టుకుంటే, ఇంకొకరు హేండిలు అటూ ఇటూ తిప్పి చూడాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టుంటే లోపలి బేరింగులు అరిగాయి. ముందు గొట్టాల మీద నూనె చార కనబడినా మెకానిక్కుకు చెప్పాలి.

చివరగా మన చీరకు సంబంధించినది. వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు వుండాలనీ, వెనక మనిషికి పట్టుకోవడానికి పిడి, కాళ్ళకు ఆనిక వుండాలనీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకూడదనే ఆ నిబంధన. మా అబ్బాయి బండి చేతికి వచ్చిన నెలలోనే ఆ అడ్డు విప్పి అటకమీద పడేశాడు, అందంగా లేదని! కొంగు చుట్టుకుంటే ఏమవుతుందో వాడికి తెలియక కాదు, వాడు చీర కట్టుకోడు గనుక.

పోయిన దసరాకు అటక దించి దాన్ని వాడిచేతే బిగింపించాను. టైరు మార్పించాం. పూజ ముందురోజు రాత్రి మావారు బండి మీద కూర్చుని రెండు బ్రేకులూ ఒకదాని తరవాత ఒకటి నొక్కి, "వెలుగుతోందా?" అని కేకేశారు. "ఆఁ, రెండిటికీ వెలుగుతోంది" అన్నాను. మర్నాడు పొద్దున్నే నిమ్మకాయలు పెట్టాం.